వెనక సీటు

తిరువూరు, సోమవారం

రమా,

నేను క్షేమంగానే చేరాను. ఫోనులో ఇదంతా చెప్పడం నా వల్ల కాదు, అందుకే ఈ కార్డు.

లడఖ్ నుంచి తిరిగొస్తుంటే మనాలిలో దశరథరామయ్య గుండె ఆగిందని నీకు తెలుసు. వాళ్లబ్బాయి అఖిల్ వచ్చి అక్కడే తలకొరివి పెట్టాడు. "నాన్న కారు ఇక్కడే అమ్మేద్దాం అంకుల్" అన్నాడు. నాకు మనసొప్పలేదు. అతన్ని విమానం ఎక్కించి, అస్థికల కుండ పక్క సీట్లో పెట్టుకుని, అయిదు రోజులు ఒక్కణ్ణే నడుపుకుంటూ వచ్చాను. కుండను ఇంటికి తేకూడదు కదా, ఊరి బయట వాళ్ల మామిడితోటలో ఆపాను.

ప్రమీలారాణి తోటకే నడిచొచ్చింది. భర్త కుండ వైపు చూడలేదు. కారు చుట్టూ తిరిగి, వెనక సీటు నిండా ఉన్న టెంటు, స్టవ్వు, దుప్పట్లు చూస్తూ నిలబడింది. మేం బయల్దేరిన రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెడుతూ తనూ వస్తానంది. సామాన్లతో చోటు లేదన్నది నేనే.

"ఆదివారం కృష్ణలో కలుపుతారంట. ఇప్పుడైనా చోటుంటుందా అన్నయ్యగారూ?" అంది.

నేను వెనక తలుపు తెరిచి సామానంతా దింపాను.

ట్యాంకు కుళాయి బాగుచేయించావా? నా బీపీ మాత్రలు, రెండు పంచెలు తీసుకుని శనివారానికల్లా బస్సెక్కి రా. మనమ్మాయి వేదశ్రీకి నా దీవెనలు చెప్పు.

ఆ రోజు నువ్వూ వస్తానన్నావు. వెనక సీట్లో ఇద్దరికి చోటుంది.

శేషాచలం