స్పీకరు చుట్టూ రబ్బరు

మంగళవారం

నాన్న నడుమెత్తు చెక్కపెట్టె రేడియోలో స్పీకరు అట్ట చిరిగితే కొత్తది వేశాను. చెక్క అదరకుండా చుట్టూ రబ్బరు బిగించాను. సాయంత్రం వార్తలు గరగర లేకుండా వచ్చాయి. నాన్న పెట్టె మీద అరచెయ్యి ఆనించి, "ఇంకా పలుకుతలేదు బిడ్డా" అన్నాడు.

బొగ్గుబాయిలో పనిచేసిన రోజుల్లో పైకప్పును కర్రతో తట్టి, రెండో చేతికి తగిలే అదురును బట్టి అది గట్టిదో కాదో చెప్పేవాడు. అది గుర్తొచ్చి రబ్బరు తీసేశాను. పెట్టె అదిరింది. నాన్న ఒక చెయ్యి పెట్టె మీదే ఉంచి, స్టేషను తనే తిప్పుతూ వార్తల దగ్గర ఆపి, "గిప్పుడు మాట్లాడుతుంది" అన్నాడు.

"నాన్నా, నీకు వినపడతలేదా?" వెనక నుంచి అడిగాను. తిరగలేదు.

చెవులు ఎప్పుడు పోయాయో మాకు చెప్పలేదు. ఇన్నాళ్ళూ డ్యూటీ నుంచి రాగానే అన్నీ ఆయనకే చెప్పుకున్నాను. ఏం విని తలూపేవాడో.