మోకాలి లోతు సముద్రం

కెర్టెమిండె,
1974 జూన్, మొదటి ఆదివారం

మహారాజశ్రీ కాబోయే బావగారు లౌస్ట్ బ్యెరె గారికి,

ఎగాన్ క్లాకె వంగి వంగి చేసే నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. క్షేమం అన్నమాట చాలదు బావగారూ, నేనైతే నేల మీద నిలవడం లేదు. పొద్దున కాఫీ తాగుతూ మా అమ్మాయి రాగ్న, ఉప్పు అందివ్వమన్నంత తేలిగ్గా, "నాన్నా, నేనూ ట్రోల్సూ పెళ్లి చేసుకుంటున్నాం" అంది. మీవాడు బంగారం. బడిపంతులైనా మనతో మామూలుగానే మాట్లాడతాడు. తల్లి లేని ఏడేళ్ల పాప ఉందని, మీ దగ్గరే పెరుగుతోందని కూడా చెప్పింది. మారెన్ అట. పెళ్లి ఇంకా కాలేదు, నేనప్పుడే తాతనైపోయాను! మా ఆవిడ ఆస్టా ఏడ్చింది. నేను ఏడవలేదు, కంట్లో రొట్టె నలుసు పడింది.

ఒక్కటే విన్నపం. ఈ వేసవికి పాపను మా దగ్గరికి పంపండి. ట్రోల్స్‌ని అడిగితే "మా నాన్న ఒప్పుకుంటే సరే" అన్నాడు. మా ఊరి ఇసుక తీరం గురించి మీరు వినే ఉంటారు. ఇసుకా, మా ఆవిడ జల్లెడ పట్టిన పిండీ పక్కపక్కన పెడితే నేనే పోల్చలేను. సముద్రమంటారా, పిల్లి లాంటిది. ఎంత దూరం నడిచినా మోకాలు దాటదు. పిల్లలు అందులోనే పుట్టినట్టు ఆడుకుంటారు. తీరంలో బట్టలు మార్చుకోవడానికి స్నానాల గుడిసె ఒకటుంది మాకు, పాప కోసం నీలం రంగు వేశాను. జీవితమంతా గోడలకు రంగులు వేసినవాణ్ణి, అంత మంచి నీలం ఎప్పుడూ కలపలేదు.

మీ దయకు ఎదురుచూసే,
ఎగాన్

తా.క. ఆస్టా చూసి "నీలమైతే సముద్రంలో కలిసిపోతుంది, పాపకు గుడిసె కనబడదు" అంది. ఇప్పుడు ఎర్ర రంగు వేస్తున్నాను.


హార్బోయెర,
జూన్ 8

ఎగాన్ క్లాకె గారికి,

ఉత్తరం చేరింది. పొడుగ్గా ఉంది.

పెళ్లి సంగతి మంచిదే. నన్ను బావగారూ అనడానికి తొందర లేదు, చర్చిలో పని పూర్తి కానివ్వండి.

పాప విషయం. మేము పడమటి తీరం వాళ్లం. ఇక్కడ సముద్రాన్ని పిల్లి అనరు. నేను బతుకంతా దాని మీదే చేపలు పట్టాను, ఒక్కసారీ అందులో స్నానం చేయలేదు. మా అన్న దాని మీదికి వెళ్లాడు, తిరిగి రాలేదు. పడవ కూడా రాలేదు. మోకాలు దాటని సముద్రం ఉంటుందని ఎవరైనా చెబితే, ఆ మనిషికి సముద్రం తెలియకపోవాలి, లేకపోతే నిజం చెప్పడం తెలియకపోవాలి. మీరు ఏ రకమో నాకు ఇంకా తెలియదు.

పాప ఇక్కడే ఉంటుంది.

గౌరవంతో,
లౌస్ట్ బ్యెరె

తా.క. మా ఊరి చేపల లారీ డ్రైవర్ క్రెస్టెన్ నెలాఖరుకు మీ వైపు వస్తాడు. మా ఆవిడ సిన్నె ఎండుచేపలు పంపుతోంది. చేపలు పంపినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు.


కెర్టెమిండె,
జూన్ 12

పూజ్యులు, ముక్కుసూటి మనిషి, కాబోయే (ఇక అననులెండి) లౌస్ట్ గారికి,

మీ అన్నగారి సంగతి ఆస్టా, నేనూ చదివాం. నా పిల్లి మాట నేను వెనక్కి తీసుకున్నాను.

అయితే మా సముద్రాన్ని మీరు మరీ గుంటలా తీసేశారే అని నా మనసు చివుక్కుమంది. మాదీ సముద్రమేనండీ! దానికీ పౌరుషం ఉంది! మొన్న నవంబరు తుఫానులో చూడాల్సింది మీరు. స్నానాల గుడిసెలు అగ్గిపెట్టెల్లా ఎగిరిపోయాయి, ఒక పడవ వచ్చి మాంసం కొట్టు గుమ్మం ముందు బేరానికి వచ్చినట్టు నిలబడింది. మా గుడిసె పైకప్పు పక్క ఊళ్లో దొరికింది. అలలంటే ఏమనుకున్నారు, చర్చి గోడంత! కాబట్టి మా సముద్రాన్ని తక్కువగా చూసి పాపను ఆపకండి.

పాప పుట్టినరోజు ఈ నెల ఇరవై ఏడునని రాగ్న చెప్పింది. పుట్టినరోజు ఆనవాయితీ కదా, ఆ రోజు మా పెరట్లో జెండా ఎగరేస్తాను. పాప చూడకపోయినా ఊరంతా చూస్తుంది, మా ఇంట్లో ఒక మనవరాలుందని.

మీ,
ఎగాన్

తా.క. ఆస్టా ఈ ఉత్తరం చదివి తల పట్టుకుంది. "సముద్రం చూసి భయపడే మనిషికి తుఫాను సంగతి రాస్తారా, బుద్ధుందా?" అంటోంది. కవరు అంటించేశాను, చింపితే కవరు దండగ. తుఫాను నవంబరులో మాత్రమేనని దయచేసి గమనించగలరు.


హార్బోయెర,
జూన్ 29

ఎగాన్ క్లాకె గారికి, లేదా వారి కుటుంబానికి,

క్రెస్టెన్ తిరిగి వచ్చాడు. ఇరవై ఏడో తారీకున మీ ఇంటి ముందు లారీ ఆపాడట. మీ పెరట్లో జెండా సగం ఎత్తులో ఉందట. చావు ఇంట్లో తలుపు తట్టడం మర్యాద కాదని, టోపీ తీసి కాసేపు నిలబడి, చేపల పొట్లం గడప మీద పెట్టి వచ్చేశాడు.

పోయింది ఎవరో క్రెస్టెన్‌కు తెలియదు. మీకు ఫోను లేదు. ట్రోల్స్ బడిపిల్లల్ని తీసుకుని బోర్న్‌హోమ్ దీవికి విహారానికి వెళ్లాడు, వాడికీ తెలియదు. చర్చి గోడంత అలలని మీరే రాశారు. అలాంటి చోట జరిగేదే జరిగింది. ఆ చావు పేరు నేను రాయను.

సిన్నె సమాధి మీదికి ఆకుల దండ కడుతోంది. చేర్చే ఏర్పాటు చేస్తాను. చనిపోయినవారికి శాంతి కలగాలి.

లౌస్ట్ బ్యెరె

తా.క. పోయింది మీరే అయితే ఈ ఉత్తరం మీ శ్రీమతి గారు చదువుకోగలరు. మీ ఉత్తరాలు పొడుగ్గా ఉన్నా ఇంట్లో అందరం చదివేవాళ్లమని ఆమెకు తెలియాలి.


కెర్టెమిండె,
జులై 5

బావగారూ! బావగారూ!

(ఈసారి అనేస్తాను, చచ్చి బతికినవాడికి ఆ మాత్రం హక్కుంటుంది.)

ఎవరూ పోలేదు! అందరం దుక్కల్లా ఉన్నాం! మీ ఉత్తరం ఈరోజే అందింది, పోస్టుమాను పక్కింటి పెట్టెలో వేశాడు. జరిగింది చెబుతాను. పాప పుట్టినరోజు కదా అని జెండా కర్రకు తెల్ల రంగు వేశాను. వేసింది ముందురోజు సాయంత్రం. ఆరేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? పొద్దున్నే జెండా లాగాను. సగం దాకా హాయిగా వెళ్లింది. అక్కడ తాడు తడిరంగులో అతుక్కుని కూర్చుంది. పైకి పోదు, కిందికి రాదు. రంగుల పనిలో ముసలివాణ్ణయ్యాను, నా రంగే నన్ను ఇలా పట్టుకుంటుందని కలలో కూడా అనుకోలేదు.

నేను నిచ్చెన కోసం వెళ్లిన కాసేపట్లో ఊరంతా మా గుమ్మంలో ఉంది. రొట్టెల కొట్టు ఇంగెబోర్ పెద్ద కేకు తెచ్చింది. ఆస్టా ఉల్లిపాయలు తరుగుతూ ఎర్రటి కళ్లతో తలుపు తీసింది. ఇంగెబోర్ ఆమెను వాటేసుకుని, "పాపం ఎగాన్! ఎంత వాగినా మనిషి మంచివాడే" అంది. పాస్టరుగారు వచ్చి ఏ కీర్తనలు పాడించమంటారని అడుగుతున్నారు. అప్పుడు నేను వెనక నుంచి నిచ్చెనతో వచ్చి "రండి రండి, కాఫీ తాగుదురుగాని!" అన్నాను. పాస్టరుగారు మెట్ల మీద కూలబడ్డారు. కేకు మాత్రం ఇంగెబోర్ వెనక్కి అడగలేదు, చాలా బాగుంది.

ఇంకో సంగతి. నిన్న మధ్యాహ్నం తీరంలో విచిత్రమైన మనిషిని చూశాను. అంత ఎండలో నల్ల కోటు, నల్ల టోపీ, మెరిసే బూట్లు. చంకలో గుండ్రటి కాగితం పొట్లం. చేతికర్ర నీళ్లలో గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. మున్సిపాలిటీ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరేమో అనుకుని పలకరించాను.

"ఏం వెతుకుతున్నారండీ?"

"లోతు."

"ఇక్కడ దొరకదండీ. పుట్టినప్పటినుంచీ వెతుకుతున్నాను."

నవ్వలేదు. కర్ర తడి ఎక్కడిదాకా ఉందో చూసుకుని, మళ్లీ గుచ్చాడు. ఇక లాభం లేదని బూట్లు విప్పించి, ప్యాంటు నేనే మడిచి, చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దింపాను. బావగారూ, ఆయన కాళ్లు ఎంత తెల్లగా ఉన్నాయో! సూర్యుడు వాటిని ఎప్పుడూ చూసినట్టు లేదు. ఇసుక కోట కడుతున్న చిన్నపిల్ల ఒకతి ఆయన చేతిలో బకెట్టు పెట్టి "కందకంలో నీళ్లు పొయ్యి" అని ఆజ్ఞ వేసింది. గబుక్కున పోశాడు. ఆ పిల్ల తిట్టింది, "అలా కాదు, మెల్లగా!" మళ్లీ పోశాడు.

తర్వాత మా ఎర్ర గుడిసె ముందు కూర్చోబెట్టి, తియ్య మజ్జిగలో బిస్కట్లు వేసి ఇచ్చాను. మీ గురించి కూడా చెప్పాను. చాలా గొప్పగా చెప్పాను లెండి. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నాడు. వెళ్లేటప్పుడు పేరు అడిగితే బస్సు వేళయిందన్నాడు.

దయచేసి పాపను పంపండి. ఆ ఎర్ర గుడిసెను రోజూ తుడిచి, మళ్లీ మూసి వస్తున్నాను. ఇంతకంటే అడగడం నాకు చేతకావడం లేదు.

మీ,
ఎగాన్ (సజీవుడు)

తా.క. ఆయన ఆ కాగితం పొట్లం బల్ల మీద మరచిపోయాడు. పరాయి సొత్తు కదా, నేను విప్పలేదు. ఆస్టా మూల నుంచి కొంచెం చూసింది, ఆకులున్నాయట. క్యాబేజీ అయితే పాడైపోతుంది, ఏం చెయ్యమంటారు?


హార్బోయెర,
జులై 9

బావగారికి,

క్యాబేజీ కాదు. సిన్నె కట్టిన దండ. విప్పి తలుపుకు వేలాడదీయండి, రెండు రోజులు కష్టపడి కట్టింది.

అంత్యక్రియలకని వచ్చాను. రైళ్లు మారి, బస్సెక్కి వచ్చాను. చర్చిలో చావేమీ లేదన్నారు. మీ వీధి అడిగితే, "ఎగాన్ ఇంట్లో ఉండడు, గొంతు వినబడినవైపు వెళ్లండి" అన్నారు. వెళ్లాను. ఒక ముసలాయన తీరం పొడుగునా కేకలేస్తూ పలకరిస్తున్నాడు. అది మీరేనని తెలియడానికి పేరు అడగక్కర్లేకపోయింది.

నేనెవరో చెబుదామనే అనుకున్నాను. ఈలోగా మీరు, పడమటి తీరంలో మీకు కాబోయే బావ ఒకడున్నాడని, గాడిద కంటే మొండివాడని అన్నారు. గాడిదైనా క్యారెట్టు చూపిస్తే కదులుతుందన్నారు. అవునన్నాను. ఆ మనిషితో నాకు అరవై ఎనిమిదేళ్ల పరిచయం. మీరు చెప్పినవాటిలో కాదనదగ్గది నాకేమీ కనబడలేదు. అలాంటి చోట పేరు చెప్పుకోవడం బాగుండదని బస్సు వంక పెట్టాను.

లోతు చూశాను. కర్రతో చూసిందాన్ని నేను నమ్మలేదు. నమ్మింది వేరే. ఇసుకలో తల్లులు కూర్చుని అల్లికలు అల్లుకుంటున్నారు, సముద్రానికి వీపు పెట్టి. మా ఊళ్లో సముద్రానికి వీపు చూపించిన ఆడదాన్ని నేను పుట్టి ఎరగను. చాలాసేపు వాళ్లనే చూశాను. మీరు నాకు మజ్జిగ రెండోసారి పోసింది అప్పుడే.

మారెన్ పుట్టినరోజుకు మేము ఇక్కడ జెండా ఎత్తలేదు. దాని తల్లి పోయిన దగ్గర నుంచి మా ఇంట్లో ఎత్తడం మానేశాం. చూడని పిల్ల కోసం మీరు ఎత్తారు. సగమే వెళ్లింది, ఫరవాలేదు.

శనివారం మధ్యాహ్నం బస్సుకు మారెన్‌ను తీసుకుని వస్తున్నాం. సిన్నె కూడా వస్తుంది. నా మేజోళ్లు ఉతుకుతూ ఇసుక చూసి, అది ఎక్కడిదో చెప్పేదాకా అన్నం పెట్టలేదు. ఆగస్టు దాకా ఉంటాం. మీరు పాపను ఒక్కదాన్నే పిలిచారని గుర్తుంది.

మీ బావ,
లౌస్ట్

తా.క. నేను మారెన్‌కు నాన్నవైపు తాతను, నా పిలుపు వేరు. అమ్మవైపు తాతను పిలిచే పిలుపు దానికి ఇంతవరకు అవసరం పడలేదు, ఆయన అది పుట్టకముందే పోయాడు. ఆ పిలుపుతో మిమ్మల్ని పిలవొచ్చా అని అడగమంది. జవాబు వచ్చేదాకా ఆగలేక కోళ్ల గూటి ముందు నిలబడి సాధన చేస్తోంది. కోళ్లు పలకడం లేదు. శనివారం బస్సు దగ్గర మీరైనా వెంటనే పలకండి.