ఎర్తు గుంత అక్కర్లేదన్న బావకు

గంగులయ్య బావకు,

ఫోను చేస్తే మళ్ళీ ఆట పట్టిస్తున్నానని నవ్వి పెట్టేస్తావు. అందుకే రాసి తలుపుకు అంటిస్తున్నాను.

ఇల్లు బాగుచేయించి గోడలకు గులాబీ రంగు కొట్టించావు, సంతోషం. ఎర్తు గుంత తవ్వి బొగ్గు, ఉప్పు వేయాలని వైరింగు అతను చెబితే ఏమన్నావు? "సముద్రం పక్కనే ఉండాం, నేలంతా ఉప్పే గదరా, మళ్ళా గుంతెందుకు?" అన్నావంట. ఆహా, ఏం బుర్ర! ఆ లెక్కన చేపల పులుసులో కూడా ఉప్పు మానెయ్. కరెంటును నేలలోకి దింపాల్సిన ఆకుపచ్చ వైరు ఇప్పుడు గోడలో ఉత్తినే పడుంది, నీలాగే.

నిన్న చేపలు కడిగిన తడిచేత్తో అక్క ఫ్రిజ్జు పట్టుకుంది. కొట్టిన షాకుకు వెళ్ళి గోడ మీద పడింది. నువ్వేమో "చెప్పులేసుకోని తెరువు మే" అన్నావు! నువ్వూ ఒక మొగుడివే.

ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. అక్కను మా ఇంటికి తీసుకుపోతున్నాను. ఈ ఒక్కటి మాత్రం వేళాకోళం కాదు. గుంత తవ్వించి ఆ వైరు అందులో కలిపించు. ఆ తర్వాత నేనొచ్చి ఫ్యూజు పెడతాను. అప్పుడు అక్క ముందర, చెప్పుల్లేకుండా, తడిచేత్తో నువ్వే ఫ్రిజ్జు తెరువు. నీకేం కాకపోతే అక్క ఇంట్లోకి వస్తుంది.

నీ బామ్మర్ది