నాలుగు అవునులు

మార్చి 6, సాయంత్రం 5
ఫారం మీద సంతకం పెట్టి వచ్చాను. ఓపెన్ యూనివర్సిటీ వాళ్ళు ఇచ్చిన ఆఖరి టర్మ్ ఇది. మిగిలింది ఒక్క కోర్సు, పరిశోధన పద్ధతులు. జూన్‌లోగా పాస్ కాకపోతే ముప్పై ఏళ్ళ కిందటి యూనిట్లన్నీ చెల్లవు. మళ్ళీ మొదటి నుంచి చదవాలి. నాకు యాభై ఏడు. చదవను.

ఆఖరి ఏడాదిలో ఉండగా పేపర్లో ఉద్యోగం వచ్చింది. చదువు వదిలేశాను. ఇలోయిలో నగరంలో ఇరవైతొమ్మిదేళ్ళు రిపోర్టర్ని. పేపర్ కిందటేడు మూతపడింది. జర్నలిజం పాఠాలు చెప్పమని ఇక్కడి కాలేజీ ఒకటి అడిగింది. ఒప్పుకున్న మర్నాడు డిగ్రీ కాపీ అడిగింది.

మా మనాంగ్, అంటే అక్క, చోలెంగ్ చేపలు తోముతూ అంతా విని, నీకు పాఠం చెప్పబోయేది నీ దగ్గర ట్రైనీగా చేసిన పిల్లే అయి ఉంటుంది, చూసుకో ఇందాయ్, అంది. తనకి నేనింకా ఇందాయ్‌నే, చిన్నపిల్లనే.

మార్చి 14
టెక్స్ట్‌బుక్ నాలుగు వందల పేజీలు. అరగంట చదివితే కళ్ళు మండుతాయి. ఫోన్‌ని చదివి వినిపించమన్నాను. అందులోని ఆడగొంతు ఎక్కడా తడబడదు. ఎక్కడా ఊపిరి తీసుకోదు. హారో నుంచి లా పాజ్ దాకా జీప్నీ బండిలో రెండు అధ్యాయాలు విన్నాను. ఒక్క ముక్క గుర్తు లేదు.

మార్చి 22
క్లాసులు వర్చువల్ క్యాంపస్‌లో. కంప్యూటర్లో చెట్లు, మెట్లు, ఎవరూ తొక్కని గడ్డి. నా అవతార్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. నడుం నొప్పి ఉన్నట్టు లేదు. ఏ బటన్ నొక్కితే నడుస్తుందో తెలియక ఇరవై నిమిషాలు ఫౌంటెన్‌లో నిలబెట్టాను. ఆర్నుల్ఫో అనే క్లాస్‌మేట్ వచ్చాడు. పక్కనున్న ఆంటికే జిల్లావాడు, సరుకుల ఓడలో వంటవాడు. స్నానం అయిందా మనాంగ్, ఇక క్లాసుకి వెళ్దామా, అన్నాడు.

ఏప్రిల్ 3
ఫోన్ గొంతు వింటే ఆర్నుల్ఫోకీ నిద్ర వస్తోందట. అధ్యాయాలు తనే చదివి, రికార్డు చేసి గ్రూపులో పెడుతున్నాడు. ఓడ వంటగదిలోంచి.

ఇవాళ ఐదో అధ్యాయం, శాంప్లింగ్. చదువుతుంటే వెనక వెల్లుల్లి వేగుతోంది. ఎవరో వచ్చి గుడ్డు వేయమన్నారు. చదువుకుంటున్నాను కనబడటం లేదా, నీ గుడ్డు నువ్వే వేసుకో, అని కసిరాడు. మళ్ళీ పేజీ వెతుక్కున్నాడు. కుండంతా కలిపాకే చెంచాడు తీసి రుచి చూడాలి, పైపైన తీసింది శాంపిల్ కాదు, పరీక్షలో మాత్రం ఇలా రాయకండి, అన్నాడు. రెండుసార్లు విన్నాను. అధ్యాయం మొత్తం గుర్తుంది.

ఏప్రిల్ 19
నా ప్రాజెక్టు: తుపాను కబురు ఎవరు చెబితే జాలర్లు నమ్ముతారు, రేడియోనా, ఫోనా? ఇవాళ్టితో నలభైరెండు మందీ పూర్తి. ఒక్కొక్కరి ఇంటికీ నేనే వెళ్ళాను. ఆఖరి ఆయనకి డెబ్బై దాటాయి. నేను మా ఆవిణ్ణి నమ్ముతాను, ఆవిడ ఫోన్‌ని నమ్ముతుంది, ఏ గడిలో రాసుకుంటావో రాసుకో, అన్నాడు.

మే 16, ఉదయం 10
మౌఖిక పరీక్ష అయింది. మొదట నాలుగు ప్రశ్నలు సిస్టమ్ అడిగింది. ఇంటర్వ్యూలన్నీ నువ్వే చేశావా? ఒక్కొక్కరి అనుమతీ తీసుకున్నావా? లెక్కలు నువ్వే సరిచూశావా? రాసినదానికి కట్టుబడి ఉంటావా? తర్వాత మా ప్రొఫెసర్ డాక్టర్ హినోలన్ ఆరు ప్రశ్నలు అడిగారు. ఆవిడ అవతార్ గౌను వేసుకుంది, గొంతు మాత్రం జలుబు చేసినట్టుంది. ఆరింటికీ చెప్పాను. బాగా చెప్పాను. పన్సిత్ మోలో సూప్ వండమన్నాను మనాంగ్‌ని.

మే 16, సాయంత్రం 4
ఫెయిల్.

మే 17
మెయిల్ నాలుగుసార్లు చదివాను. డాక్టర్ హినోలన్ ఆరు ప్రశ్నలకూ మంచి మార్కులే వేశారు. సిస్టమ్ అడిగిన నాలుగింటి ఎదురుగా 'స్పందన లేదు' అని ఉంది. అవి తప్పనిసరి ప్రశ్నలు. ఒక్కదానికి జవాబు లేకపోయినా ఫెయిలే. కానీ నేను జవాబు చెప్పాను. నాకు స్పష్టంగా గుర్తుంది.

మైక్ పాడైందేమో అన్నాను. సరే, నేను మెషీన్ని, నువ్వు నువ్వే, అంది మనాంగ్. స్టవ్ దగ్గర నిలబడి, ముక్కుతో మాట్లాడుతూ, ఇంటర్వ్యూలన్నీ నువ్వే చేశావా, అని అడిగింది.

నేను కనుబొమలు ఎత్తాను.

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. మెషీన్‌కీ అవునని ఇలాగే చెప్పావా ఇందాయ్, అంది. తర్వాత స్టవ్ ఆపేసి, కుర్చీ లాక్కుని కూర్చుని నవ్వింది. ఇరవైతొమ్మిదేళ్ళు ఊరందర్నీ నోరు విప్పమని వెంటపడ్డావు, నీ వంతు వచ్చేసరికి కనుబొమలా, అంది.

నవ్వలేకపోయాను. నా అవతార్‌కి కనుబొమలున్నాయి. అవి కదలవు.

మే 18
అప్పీల్‌కి మూడు రోజుల గడువు. రెండోరోజే పంపాను.

ఒకరి బదులు ఒకరు కూర్చోకుండా, పరీక్ష సాగినంతసేపూ ఫోన్ కెమెరా ముఖం మీదే ఉండాలన్నది వాళ్ళ రూలే. ఆ రికార్డింగ్ వాళ్ళ దగ్గర ఉంది, నా ఫోన్లోనూ ఉంది. వార్త రాసినట్టు రాశాను. 9:02:14, 9:02:51, 9:03:20, 9:03:58. నాలుగుసార్లు కనుబొమలు లేచాయి. ఫారంలో 'కారణం' అని ఒక గడి ఉంది. ఏ ఫిలిపినోకీ చెప్పనక్కర్లేని సంగతి, అయినా గడి ఖాళీగా వదలకూడదు. 'మా ఇంట్లో, మా వీధిలో, నేను పనిచేసిన ఆఫీసులో అవును అనడానికి కనుబొమలు ఎత్తుతారు. ఎదురుగా ఉన్నది మెషీనని మరిచిపోయాను. తప్పు నాది. జవాబు మాత్రం చెప్పాను.' అంతే రాశాను.

మే 24
కబురు లేదు.

మే 29
డాక్టర్ హినోలన్ ఫోన్ చేశారు. జలుబు తగ్గింది. కమిటీలో ఐదుగురు కూర్చుని రికార్డింగ్ చూశారట. దీన్ని అవునని తీసుకోవచ్చా, అని ఛైర్మన్ అడిగితే నలుగురూ నోరు తెరవకుండా ఆయన వంక చూసి కనుబొమలు ఎత్తారట. ఏం రాయాలో తెలియక మినిట్స్ రాసే గుమాస్తా చచ్చాడండీ, అన్నారు.

అప్పీల్ ఒప్పుకున్నారు. అయితే నాలుగు ప్రశ్నలూ మళ్ళీ అడుగుతారు, నోటితో చెప్పాలి. వాటితో పాటు ఆవిడ ఇంకొకటి అడుగుతారు. జూన్ 2.

జూన్ 2, మధ్యాహ్నం 12
నాలుగుసార్లు అవునన్నాను. చివరిది ఎంత గట్టిగా అన్నానంటే తెర మీద మైక్ గుర్తు ఎర్రబడింది.

ఐదోది డాక్టర్ హినోలన్ అడిగారు: నలభైరెండు మందీ మీకు నిజమే చెప్పారా?

లేదన్నాను. ముగ్గురు అబద్ధం చెప్పారు. పోయిన అక్టోబర్లో ఫోన్‌కి హెచ్చరిక రాగానే వేట మానేశామన్నారు. ఆ రోజు వాళ్ళ పడవలు బయల్దేరినట్టు రేవు పుస్తకంలో ఉంది. వాళ్ళని తీసేయలేదు, పేర్లు రాయలేదు, వేరే పట్టికలో పెట్టాను. నమ్ముతామని చెప్పడం ఒకటి, నమ్మి ఒడ్డున ఆగడం ఒకటి. నా ప్రాజెక్టులో అసలు సంగతి అదే.

ఏ పేజీ, అన్నారు. అరవై ఒకటి, అన్నాను. కాగితాలు తిప్పిన చప్పుడు. ఇంటర్వ్యూలో అవతలివాళ్ళు ఆలోచిస్తుంటే మధ్యలో దూరకూడదు.

ఈ పట్టికని ముందుకు తెచ్చి మొదటి అధ్యాయంలో పెట్టండి, అచ్చుకి పంపుదాం, అన్నారు. ఆ తర్వాత గుర్తొచ్చినట్టు, పాస్, అన్నారు.

మనాంగ్ కిటికీలోంచి వీధికంతా చెప్పింది. అవతలి వీధివాళ్ళు కూడా వచ్చారు.

జూన్ 9
కాలేజీకి సర్టిఫికెట్ కాపీ పంపాను. ఆగస్టు నుంచి క్లాసులు. ముప్పై ఇద్దరు విద్యార్థులు.

జూన్ 24
వర్చువల్ క్యాంపస్‌లో స్నాతకోత్సవం. నా పేరు పిలిచారు. అవతార్ మెట్లెక్కింది. ఇక్కడ వంటింట్లో నేనూ లేచి నిలబడ్డాను, నాతో పాటు వీధిలోని పదకొండు మందీ. ఆర్నుల్ఫో ఓడలో ఎవరో గిన్నెలు మోగించారు.

అయిపోయింది. ఒక్కొక్కరే మాయమయ్యారు. వేదిక మీద నా అవతార్ ఒక్కతే ఉంది. లాగౌట్ చేయలేదు. భోంచేసి వచ్చి చూశాను. అక్కడే ఉంది. ఉండనీ.