వంతెన లేచిన సాయంత్రాలు

అక్కా,

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నువ్వు ఎలాగూ బాగానే ఉండి ఉంటావు.

నీ మరిది ఈమధ్య ఆఫీసు నుంచి రోజూ చీకటి పడ్డాకే వస్తున్నారు. అడిగితే, "పడవలు వెళ్ళాలని వంతెన ఎత్తేశారు, బళ్ళన్నీ ఆగిపోయాయి, నన్నేం చెయ్యమంటావ్?" అంటున్నారు. పాపం అనుకుని, చల్లారిన కూర రోజూ మళ్ళీ వెచ్చబెడుతున్నాను. నిన్న చేపలమ్మే ఆవిడ ఖాళీ బుట్టతో వచ్చి, తుఫాను భయంతో వారం నుంచి ఒక్క పడవా కదల్లేదని వాపోయింది. మరి ఆ వంతెన ఎవరి కోసం లేస్తోందక్కా?

మీ వంటింటి కిటికీలోంచి అది కనబడుతుంది కదా, అందుకే నిన్ను అడుగుతున్నాను.

ఇంకో సంగతి. ఆయన చొక్కాకి ఊడిన గుండీ ఎవరో కుట్టిపెట్టారు. అలా గుండీ కింద దారం చుట్లు చుట్టి ముడెయ్యడం అమ్మ మనిద్దరికే నేర్పింది. నేనైతే కుట్టలేదు.

చిన్నప్పుడు నా బొమ్మలకి కూడా నువ్వే గౌన్లు కుట్టేదానివి. ఆ తర్వాత ఆ బొమ్మలు నీ దగ్గరే ఉండిపోయేవి.

ఒకరోజు సాయంత్రం నేనూ మీ ఇంటికి వస్తాను. ఏ రోజో చెప్పను. ఆ వంతెన దిగేదాకా అక్కడే కూర్చుంటాను.

నీ చెల్లెలు