తీగ మోదుగ నార

చిరంజీవి కళ్యాణిని అక్క సుగుణ దీవించి రాస్తున్నది. ఎల్లమ్మ తల్లి దయవల్ల సాతంరాయిలో అందరికీ ఒంట్లో బాగానే ఉన్నది. కేరళలో నీవూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీవు అడిగినట్టు మన మెట్ట చెలక మూలనున్న తీగ మోదుగను చూసి వచ్చాను. నడుమెత్తున, జానెడు మేర, బెరడు చుట్టూతా లేదు. ఎర్రటి రసం కారి గడ్డకట్టింది. అయినా పైన ఆకు వాడలేదు. నీవు రాసిందే నిజం. మామూలు చెట్టుకు తిండి బెరడు వెంటే కిందికి దిగుతుంది, చుట్టూ ఒలిస్తే వేరు పస్తులుండి చస్తుంది. ఈ తీగకు కట్టె లోపల కూడా తిండి దారులున్నాయి. ఒక కొమ్మ కోసి చూశాను. తెల్ల వలయం, ఎర్ర వలయం, మళ్లీ తెల్లది. ఆ ఎర్రవే తిండి దారులు.

ఎవరు ఒలిచారో రుజువేమిటన్నావు. తమ్ముడు మల్లేశ్వరే అని పోయిన ఉత్తరంలో రాశాను. ప్లాట్లకు చదును చేయాలంటే ఆ తీగే అడ్డమన్నాడు వాడు. నీ పరిశోధనకు కావాలని నీవు ఒప్పుకోలేదు. ఆ వారమే తీగ బెరడు పోయింది, వాడి అంగీ మీద ఎర్ర మరకా కనబడింది.

"ఏందిరా అది?"

"జాజు అక్కా. గుడి గోడకు పూసిన."

నమ్మలేదు. వాడు తక్కువ తిన్నా అనుమానమే, ఎక్కువ నవ్వినా అనుమానమే. చివరికి దీపం ముందు నిలబెట్టాను.

"నా మాట సాలదా అక్కా?"

"సాలదు. దీపం ముట్టి చెప్పు."

ముట్టి చెప్పాడు. అప్పుడు కూడా నేను వాడి గోళ్లలో ఎరుపు వెతికాను తల్లీ.

ఇప్పుడు నీకు రాయక తప్పని సంగతి. ఎల్లమ్మ గుడి పందిరికి ప్లాస్టిక్ తాడు వద్దు, నార తాడే కట్టాలని పట్టుబట్టింది నేను. "యాడ తెద్దునమ్మా?" అన్నాడు మన పాలేరు కుర్మయ్య. "యాడన్న తే, గట్టిగుండాలె" అన్నాను. మొన్న పందిరి విప్పుతుంటే తాడు ఎర్రగా కనబడి అడిగాను.

"మీ చెలక మూల తీగదే గదమ్మా! మీరే తెమ్మంటిరి, మీరే మరిస్తిరా?" అని నవ్వాడు.

తమ్ముణ్ని దొంగను చేసిన రోజుల్లో పొద్దుటా సాయంత్రం ఆ పందిరి కిందే నిలబడి మొక్కాను.

అత్తాపూర్‌లో తమ్ముడి ఇంటికి పోయి వాడి చేతులు పట్టుకున్నాను. వాడు అన్నాడు: "కాయితం మీద దొంగను జేసినవ్, కాయితం మీదనే ఇడిపియ్. చెల్లె నా ఫోన్ ఎత్తక నెలయింది. నా బిడ్డ పెండ్లికి అది రాకుంటే నేను పీటల మీద కూసోను."

తప్పు నాది కళ్యాణీ. వాడిది కాదు. పెండ్లికి రా. కోపం ఉంటే నా మీదనే ఉంచుకో.

వాడిప్పుడు మా గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. అన్నం పెడితే "ముందు రాయ్" అన్నాడు. కవరు అంటించక ముందు ఇదంతా వాడికి పైకి చదివి వినిపిస్తాను, గోళ్లు వెతికిన మాట కూడా దాచకుండా.

ఇట్లు,
మీ ఇద్దరినీ చంకనెత్తుకు తిరిగిన
పెద్దక్క సుగుణ