మూడోసారి నేనన్న మాట

అక్కా,

ఈరోజు మా వార్డుకు మోత్కూరు నుంచి ఒకామెను తీసుకొచ్చారు. గుండె దడ, చేతుల వణుకు, చచ్చిపోతానన్న భయం. ఈసీజీలో ఏమీ లేదు. కొత్తగా చేరిన సిస్టర్ నవ్వి, "గిదంత నాటకం మేడం," అంది. ఆమెను మందలించి నేనే పేషెంటు పక్కన కూర్చున్నాను. "భయం గూడ రోగమేనమ్మా. నువ్వు అబద్ధం చెప్తలేవు. నాతోపాటు మెల్లగ శ్వాస తీస్కో," అన్నాను. అరగంటకు దడ తగ్గింది. ఆమె భర్త దండం పెట్టి, "మీ అసొంటి సిస్టర్‌ను యాడ చూడలే," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అతని మీద కాదు.

నువ్వు ఇదే దడతో ఇదే వార్డుకు మూడుసార్లు వచ్చావు. మూడుసార్లూ ఈసీజీ బాగానే ఉంది. మూడోసారి తోటి సిస్టర్లు నవ్వుతుంటే నాకు సిగ్గేసింది. అందరి ముందే, "ఊకూకె వచ్చి నా ఇజ్జత్ తీయకు. ఇంటికి పో," అన్నాను. నువ్వు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయావు. ఆందోళన ఒక జబ్బని, దానికి వైద్యం ఉందని నాకు అప్పుడూ తెలుసు. చదివి, పరీక్ష రాసి పాసయ్యాను.

నాలుగోసారి వచ్చింది గుండెపోటు. బావ ఆటో తెస్తానంటే నువ్వు వద్దన్నావట. ఏమని వద్దన్నావో నీ దినాల నాడు బావ అందరిలో నాకు చెప్పాడు.

"చెల్లె డ్యూటీల ఉంటది, కోపం చేస్తది. జరసేపైతే అదే తగ్గుతది."

నీ చెల్లె,
సుజాత